మరిది మాటిచ్చిన మలుపు

పోయిన సంచిక చివరి పేజీలో మా మరిది మరణవార్త వేశారు. నాలుగు వాక్యాలైనా వేసినందుకు సంతోషం. అయితే అందులో ఒకటి దిద్దాలి. "బాధ్యతలన్నీ తీర్చుకుని ప్రశాంతంగా కన్నుమూశారు" అని రాశారు. ఈ వాక్యాన్ని ప్రెస్సువాళ్లు ఒకసారి కూర్చి, చెదరగొట్టకుండా అలాగే అట్టేపెట్టుకుంటారని నా అనుమానం. ఎవరు పోయినా పైన పేరు మారుతుంది, కింద వాక్యం అదే. మా మరిది ప్రశాంతంగా పోలేదు. మంగళవారం పొద్దున్న, బస్సు వేళకి, ఖాకీ కోటు వేసుకుని వీధరుగు మీద కూర్చుని ఒక కాలికి జోడు తొడుక్కున్నాడు. రెండోది తొడుక్కోబోయి పక్కకి ఒరిగాడు. నేను కాఫీ గ్లాసుతో వచ్చేసరికి అంతా అయిపోయింది.

బాధ్యతలన్నీ తీరనూ లేదు. ఒకటి మిగిలింది. లక్ష్మీపురానికి మూడు మైళ్లు ఇవతల, ఘాటీ రోడ్డు మలుపులో, ఒక కొండ ముసలమ్మ అతని బస్సు కోసం కూర్చుని ఉంది. మొగుణ్ణి ఆ బస్సులోనే కోరాపుట్ ఆసుపత్రికి పంపింది. తిరిగి తెచ్చి అదే మలుపులో దించుతానని మా మరిది ఆమెకి మాటిచ్చాడు. ఆ ముసలాయన ఇక రాడు. మా మరిదీ రాడు. ఆ సంగతి వెళ్లి చెప్పవలసినవాడు మా మరిదే కనక ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. నేను కలం పట్టింది అందుకు. మధ్యలో అతన్ని పొగిడితే, వదినగారి పక్షపాతం అనుకుని సర్దుకోండి.

మీలో చాలామందికి అతను బస్సుబాబు. ఒక రోజు రాయగడ నుంచి కోరాపుట్, మర్నాడు కోరాపుట్ నుంచి రాయగడ. మన జిల్లా ఒరిస్సాలో కలిసిన ఏడు మొదలుపెట్టి మొన్న మొన్నటిదాకా, పాతికేళ్లు అదే రోడ్డు. మా అత్తవారిది ఎస్టేటు కచేరీ కుటుంబం. నాలుగు తరాలుగా కలం పాళీ తప్ప వేరే ఇనుము ముట్టుకోలేదు. ముగ్గురన్నదమ్ముల్లో ఆఖరివాడు స్టీరింగు పట్టుకుంటానన్నప్పుడు మా మామగారు అన్నం మానలేదు కానీ మాట మానేశారు. "మనింట్లో బండి ఎక్కేవాళ్లున్నారు గానీ తోలేవాళ్లు లేరు" అన్నది ఆఖరి మాట. తర్వాత ఏడాదిపాటు కొడుక్కి చెప్పవలసిందేదైనా గోడకి చెప్పేవారు.

ఆ ఏడాది చివర ఆయనకి కోరాపుట్‌లో కలెక్టరు కచేరీ పని పడింది. వెళ్లాలంటే కొడుకు బస్సు తప్ప మరోటి లేదు. ముందు సీటు ఖాళీగా ఉంచితే అటు చూడకుండా వెనక్కి వెళ్లి, కోళ్లగంప పక్కన బిగుసుకుని కూర్చున్నారు. ఘాటీలో మొదటి మలుపు తిరిగేసరికి కింద లోయ కనిపించింది.

"ఒరే, నెమ్మదిగా పోనీరా!"

మా మరిది బస్సు ఆపి వెనక్కి తిరిగాడు. "నాతోనేనా నాన్నగారూ?"

బస్సంతా నవ్వింది. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులు మామూలుగా మాట్లాడుకున్నారు, అంటే పోట్లాడుకున్నారు.

పెళ్లి చేసుకోలేదు. మా పెరటి గదిలోనే ఉండేవాడు. వానాకాలం బస్సు ముందద్దానికి పొగాకు నలిపి రాసేవాడు, నీళ్లు నిలవకుండా. ఆ చేతులతోనే వచ్చి నా వంటింట్లో చేపలబుట్టలా వాసన కొట్టే మూట ఏదో ఒకటి దించేవాడు. దారిలో ఎవరో ఇచ్చిన తేనె, అడవి మామిడికాయలు, వెదురుకొమ్ముల ఊరగాయ. "ఇది తినే వస్తువేనా?" అని నేను అడిగితే, "ఇచ్చినామె తిని బతికే ఉందొదినా" అనేవాడు.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గు కొలిమి తగిలించారు. అది నిప్పందుకునేలోగా ప్రయాణికులు ఇంటికి వెళ్లి రెండోసారి భోంచేసి రావచ్చు. ఘాటీ ఎక్కలేక నిలబడిపోతే అందరూ దిగి తోయాలి. ఒకసారి నేను పట్టుచీర కట్టుకుని పెళ్లికి వెళ్తున్నాను. అందరూ దిగినా ముందు సీటులో కదలకుండా కూర్చున్నాను. వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు.

"దిగొదినా."

"నాది పై తరగతి టిక్కెట్టయ్యా."

"నాకు తెలుసు. బొగ్గుకి తెలీదు కదా."

దిగాను, తోశాను. పెళ్లివారింట్లో నన్ను చూసి వంటమనిషనుకుని వెనక గుమ్మం చూపించారు.

ఇక తాళ్ల సంగతి. కొండవాళ్లు పెళ్లికి పిలవాలన్నా, జాతరకి పిలవాలన్నా నారతాడుకి ముళ్లు వేసి పంపుతారు. అందుకున్నవాళ్లు రోజుకొక ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన నాడే పెళ్లి. తారీఖులు, వారాలు అక్కర్లేదు. మా మరిది ఈ పద్ధతి వాళ్ల దగ్గర నేర్చుకుని బస్సుకి పెట్టాడు. దారిలో ఎవరినైనా ఆసుపత్రికో కోర్టుకో ఎక్కించుకుంటే, ఇంటివాళ్ల చేతిలో ముళ్లు వేసిన తాడు పెట్టేవాడు. ఎన్ని రోజులకి తిరిగి తెస్తాడో అన్ని ముళ్లు. దాని జత తాడు స్టీరింగు పక్కనున్న మేకుకి తగిలించుకునేవాడు. రోజూ పొద్దున్న బస్సు తీసేముందు వరసగా అన్ని తాళ్లకీ ఒక్కొక్క ముడి విప్పేవాడు. సంధ్యావందనం ఎప్పుడో మానేసినవాడు, ఇది మాత్రం ఒక్కనాడు మానలేదు.

ముళ్లు అయిపోయిన రోజున ఆ మనిషి కోరాపుట్‌లో ఏ మూల ఉన్నా వెతికి పట్టుకుని ఎక్కించుకునేవాడు. మలుపు దగ్గర ఇంటివాళ్లు కనిపించకపోతే వచ్చేదాకా బస్సు ఆపి కూర్చునేవాడు. "ఎక్కించుకున్నోణ్ణి నేను, దించేవోణ్ణీ నేనే అవ్వాలి. మధ్యలో మనిషి మారిపోతే వోళ్లు ఎవర్ని అడుగుతారొదినా?" అనేవాడు. అప్పట్లో నేను దీన్ని పెద్ద మాటగా తీసుకోలేదు. ఇప్పుడనిపిస్తోంది, ఆ కొండల్లో ఆసుపత్రి అంటే వెళ్లినవాళ్లు తిరిగి రాని చోటు. జ్వరంతో మూలుగుతున్నవాణ్ణి మంచంతో సహా రోడ్డు మీదికి మోసుకొచ్చి కూడా, తాడు చేతికి వచ్చాకే బస్సులోకి ఎక్కించేవారు. డాక్టరుని చూసి కాదు, ఆ ముళ్లని చూసి పంపేవారు.

ఇంత మెచ్చుకుంటున్నాను కదా, ఆ తాళ్లని తెంపించింది నేనే.

కోరాపుట్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండగా టెలిగ్రాం వచ్చింది. పార్వతీపురంలో మా అక్క ప్రాణం మీదికి వచ్చిందని. మర్నాటి బస్సుకి బయల్దేరాను. సాయంత్రం రాయగడలో రైలు అందుకుంటే చీకటిపడేసరికి అక్క దగ్గరుంటాను. ఘాటీలో ఒక మలుపులో బస్సు ఆగింది. కడుపు కోసి కుట్లు వేసిన ఒకామెని ఆసుపత్రి నుంచి తెస్తున్నాడు. ఆమె కోసం రావలసినవాళ్లు ఒక్కరూ లేరు. పావుగంట అయింది, అరగంట అయింది. దిగి అతని దగ్గరికి వెళ్లాను.

"ఏమయ్యా, అక్కడ మా అక్క పోయేలా ఉంది."

"తెలుసొదినా."

"తెలిసే ఆపేవా?"

"ఈమెని ఒక్కర్తినీ ఇక్కడ దించేసి ఎలిపోతే సాయంత్రం దాకా ఉండదు. మాటిచ్చేను."

"మరి నాకేటిచ్చేవు?"

అతను నా మొహం కేసి చూడలేదు. "నీకు సెప్పుకోగలను. ఈమెకి సెప్పుకోలేను."

వాళ్లు వచ్చేసరికి రెండు గంటలు. ముడి విప్పడం ఒకరోజు మరిచిపోయారట, మలుపులో బస్సు ఆగి ఉందని ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చారు. రైలు వెళ్లిపోయింది. మర్నాడు నేను పార్వతీపురం చేరేసరికి మా అక్క ఇంటి ముందు వీధి కడిగేసి ఉంది.

మా వీధిలో ప్లీడరు గుమాస్తాలకీ, మేష్టర్లకీ ఈ బస్సు మీద ఎప్పటి నుంచో కోపం. కోర్టు పిలుపు తప్పిపోతోందని ఒకరు, రైలు తప్పిపోతోందని ఒకరు. అర్జీ పెట్టాలని తెగ అనుకునేవారు, రాయగల ఇంగ్లీషు లేక ఊరుకునేవారు. నాకుంది. విజయనగరంలో దొరసానుల బడిలో నేర్చుకున్నది, ఇన్నేళ్లూ దానికి పని లేదు. ఒక్క పూటలో రాశాను. "ఈ బస్సు గడియారమును బట్టి కాక, త్రాళ్ల ముళ్లను బట్టి నడచుచున్నది" అన్న అర్థం వచ్చే వాక్యం అందులో ఉంది. అది రాసి, కలం పక్కన పెట్టి, ఇంకోసారి చదువుకున్నాను. నియమిత స్థలాల్లో తప్ప ఎవరి కోసమూ, ఏ కారణం చేతా బస్సు ఆపరాదని ముగించాను. వీధంతా సంతకాలు పెట్టింది. దుఃఖంలో రాసిన అర్జీ అని ఎవరూ పోల్చుకోలేరు, అంత శుభ్రంగా ఉంది.

దొంగతనంగా పంపడం నాకు చేతకాదు. మరిదిని పిలిచి చదివి వినిపించాను. గుమ్మానికి ఆనుకుని మొత్తం విన్నాడు.

"బాగా రాసేవు. ఒక్కటి దిద్దాలి. గంటన్నర ఆగేడని రాసేవు. రెండు గంటలు ఆగేను."

దిద్దాను. మర్నాడు టపా సంచీలో వేసుకుని అతనే కోరాపుట్ పట్టుకెళ్లాడు.

చాలా నెలలు ఏమీ జరగలేదు. అర్జీ ఏ బల్ల కాలికిందో చేరిందనుకున్నాను. తర్వాత ఆ రోడ్డు కొత్త యాజమాన్యం చేతికి వచ్చింది. కొత్త బస్సు, కొత్త డ్రైవరు, అచ్చువేసిన టైములు. వయసు మీరినవాడని మా మరిదిని ఆపేశారు. కోరాపుట్‌లో బస్సు తాళాలు అప్పగించి రమ్మని కబురు వచ్చింది. ఆ ఆఖరిసారి వెళ్తూ లక్ష్మీపురం ఇవతల మలుపులో ఆ ముసలాయన్ని ఎక్కించుకున్నాడు. కాలు తొడదాకా వాచి నల్లబడిందట. ముసలమ్మ ఎంతకీ చెయ్యి వదలలేదట. అయిదు ముళ్లు వేసి ఇచ్చాడు. బస్సు తనది కాకుండా పోతున్న సంగతి తెలిసీ ఇచ్చాడు. "బస్సు పోతే పోయింది, నేనున్నాను కదా అనుకున్నానొదినా" అన్నాడు తర్వాత.

తాళాలు అప్పగించాక ఇంటికి రాలేదు. ఆసుపత్రి వరండాలోనే ఉండిపోయాడు, ముసలాయన్ని తనే వెంటబెట్టుకుని రావాలని. నాలుగో రోజు ముసలాయన పోయాడు. మర్నాడు, అంటే ముళ్లు అయిపోయిన రోజు, ముసలాయన గొంగళి మడిచి ఒళ్లో పెట్టుకుని, మా మరిది కొత్త బస్సులో టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నాడు. పాతికేళ్లలో మొదటిసారి ప్రయాణికుడిగా.

లక్ష్మీపురం దాటగానే లేచి నిలబడి, ముందు మలుపులో ఒక్క నిమిషం ఆపమని కండక్టరుని అడిగాడు. కండక్టరు చెడ్డవాడు కాదు. "నియమ నాహి, మవుసా" అన్నాడు, రూలు లేదు బాబాయీ అని. ఎందుకో మా మరిది చెప్పబోతే జేబులోంచి అచ్చు కాగితం తీసి చేతిలో పెట్టాడు.

ఆ తర్వాతది నాకు అతను చెప్పినట్టే రాస్తాను.

"ఆమె అక్కడే ఉందొదినా. బస్సు సూసి లేచింది. కిటికీలో నన్ను సూసి నవ్వింది. నా పక్క సీటు కేసి సూసింది. అప్పటికి మలుపు తిరిగిపోయేం."

కింద ఊళ్లో దిగి ఘాటీ ఎక్కబోయాడు. పాతికేళ్లు క్లచ్చి తొక్కి అరిగిపోయిన ఎడమ మోకాలు పది బారలు కూడా పోనివ్వలేదు. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, కిందికి పోయే లారీ ఏదో ఎక్కి ఇంటికి వచ్చాడు. వచ్చి ఆ అచ్చు కాగితం నా ముందు పెట్టాడు.

"ఇది నువ్వు రాసిన మాటేనా వొదినా?"

దెప్పడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. నియమిత స్థలములలో తప్ప, ఎవరి కొరకును, ఏ కారణము చేతను. నా ఇంగ్లీషుని ఎవరో తిన్నగా తెలుగులోకీ ఒడియాలోకీ దించారు.

"నాదే" అన్నాను.

"గట్టిగా రాసేవు. ఎక్కడా సందు లేదు" అన్నాడు.

ఆ తర్వాత రెండుసార్లు అడిగాడు. "నువ్వు తోడొస్తే లక్ష్మీపురంలో దిగి నెమ్మదిగా నడుద్దాం. ఆమెకి సెప్పాలి కదా." రెండుసార్లూ, ఎండలు తగ్గనీవయ్యా అన్నాను. మూడోసారి అడగలేదు. తనే జోళ్లు తీసుకుని అరుగు మీదికి వెళ్లాడు. కోటు జేబులో ఆ జత తాడు ఉంది. ముళ్లు లేవు.

పన్నెండో రోజు అయ్యాక నేను బయల్దేరాను. ఎండలు తగ్గలేదు. మలుపులో ఆపమని నేనూ అడిగాను, నాకూ కాగితం చూపించారు. నా రచన నాకే చూపించారు కదా, చదవనక్కర్లేదన్నాను. లక్ష్మీపురంలో దిగి అరమైలు నడిచి కూలబడ్డాను. సంతలో ఉప్పు అమ్మే మన తెలుగాయన బండి మీద వెనక్కి తెచ్చి, నీళ్లిచ్చి, అంతా విన్నాడు.

"ఆ ముసల్దానికా అమ్మా? నేనూ సెప్పేను, ఊరోళ్లూ సెప్పేరు. ఇనదు. బస్సుబాబు ముడేసిచ్చేడు, బస్సు కాడ్నించి ఒచ్చినోళ్లే సెప్పాల అంతాది. రోజూ ఒచ్చి కూకుంతాది."

"ముళ్లు ఎప్పుడో అయిపోయుంటాయి కదయ్యా."

"అయిపోతే మళ్లీ ఏసుకుంతాది."

ఆయన సమాధానం నాకు సరిగ్గా అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. తాడు ఖాళీ అయి బస్సు ఆగకపోతే, తప్పు బస్సుది కాదు, మాటిచ్చినవాడిదీ కాదు, తన లెక్కదే అనుకుంటోంది ఆమె. మళ్లీ అయిదు ముళ్లు వేసుకుని మొదటి నుంచి మొదలెడుతోంది.

ఇంటికి వచ్చి ఇంకో అర్జీ రాశాను, ఆ మలుపులో బస్సు ఆపమని. మొదటిదాని కన్నా బాగానే రాశాననుకుంటాను. నెలకి జవాబు వచ్చింది. ప్రజల కోరిక మేరకే ప్రస్తుత పద్ధతి అమలులో ఉన్నదని, ఆధారంగా నా మొదటి అర్జీ నకలు జతపరిచారు. కొత్త బస్సు టైముకే వస్తుంది, అది ఒప్పుకోవాలి. మా వీధిలో ఎవరికీ రైలు తప్పడం లేదు. ఆ ఘాటీ ఊళ్ల నుంచి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఇప్పుడెలా వెళ్తున్నారని లక్ష్మీపురంలో ఉండగానే ఉప్పాయన్ని అడిగాను. "ఎల్లట్లేదమ్మా" అన్నాడు.

కాబట్టి ఇది చదివినవాళ్లలో నడవగలిగినవాళ్లు ఒకరు కావాలి. ముందురోజు సాయంత్రం మా ఇంటికి రండి, స్టేషను వీధిలో బస్సుబాబు ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. ముసలాయన గొంగళి ఉతికించకుండా అలాగే మూటకట్టి ఉంచాను, ఆమె గుర్తుపట్టాలి. పొద్దుటి బస్సుకి లక్ష్మీపురం టిక్కెట్టు తీసుకోండి. మలుపులో ఆపమని అడగొద్దు, అనవసరం. లక్ష్మీపురంలో దిగి ఉప్పాయన్ని తోడు తీసుకోండి, ఆయనకి వాళ్ల భాష వచ్చు. అక్కడి నుంచి వచ్చిన దారినే మూడు మైళ్లు వెనక్కి, అంతా పల్లమే. నెత్తికి తువ్వాలు, తాగడానికి నీళ్లు పట్టుకెళ్లండి. బస్సు దిగి వచ్చామని ముందు చెప్పండి. గొంగళి చేతికివ్వండి. తర్వాత ఇద్దరూ పోయారని చెప్పండి, ఒక్కరే అని చెప్పకండి. చెప్పేసి వెంటనే లేచి రాకండి, కాసేపు పక్కన కూర్చోండి. తొందరేమీ లేదు, తిరుగు బస్సు ఎలాగూ అక్కడ ఆగదు.